మానికని ఇంటర్వ్యూకి తీసుకెళ్లొచ్చాను

నవంబరు 5, బుధవారం, కార్తీక పున్నమి. నాలుగింటికే లేచి మహేంద్రతనయ గట్టుకి వెళ్లాం. ఒడిశాలో ఉన్న మా పర్లాకిమిడిలో ఆ తెల్లవారుజామున ఏటిలో ఒడియావాళ్ల అరటి దొప్పల పడవలూ, మనవాళ్ల 365 వత్తుల దీపాలూ ఒకదాన్నొకటి రాసుకుంటూ పోతుంటాయి. మా ఇంట్లో రెండూ చేస్తాం. అమ్మ వత్తులు వెలిగిస్తుంది, నేనూ తమ్ముడూ పడవ వదుల్తాం. ఆ రోజు సాయంత్రమే మెయిల్ వచ్చింది.

పల్లె బడుల్లో రెండేళ్లు పాఠాలు చెప్పే ఒక ఫెలోషిప్‌కి సెప్టెంబరు 20న దరఖాస్తు పెట్టాను. అక్టోబరు 12న ఆన్‌లైన్ పరీక్ష రాశాను. ఆ తర్వాత ఇరవై నాలుగు రోజులు చప్పుడు లేదు. ఇప్పుడేమో "మీరు రెండో దశకు ఎంపికయ్యారు" అన్నారు. నవంబరు 24, ఉదయం పది గంటలకి, భువనేశ్వర్లో. కింద ఒక పేరా ఉంది. మీరెవరో చెప్పే వస్తువు ఒకటి తీసుకురావాలి. సొంతదై ఉండాలి. ఫోటోలు, సర్టిఫికెట్లు, ఫోన్ పనికిరావు. దాని గురించి మూడు నిమిషాలు మాట్లాడాలి, ఇంగ్లీషు, హిందీ, ఒడియాల్లో ఏ భాషలోనైనా.

తెలుగు లేదు. ఉంటుందనీ అనుకోలేదు. అయినా ఆ వరస రెండుసార్లు చదివాను.

చేతిలో పంతొమ్మిది రోజులున్నాయి. వస్తువే కదా, అరగంట పని అనుకున్నాను. అసలు పరీక్ష అదేనని తెలీలేదు.

మొదట నాకు తట్టింది మా ఊళ్లో ఎవరికైనా తట్టేదే, కొమ్ము కొంగ. పర్లాకిమిడి పేరు చెప్తే బయటివాళ్లు కొమ్ముపని గురించే అడుగుతారు. పశువుల కొమ్ముతో కొంగలు, దువ్వెనలు చేస్తారు, నల్లగా నిగనిగలాడుతూ ఉంటాయి. 8వ తారీఖు శనివారం బజారుకెళ్లి, బేరమాడి 480 రూపాయలకి ఒక కొంగని కొన్నాను. ఆ రాత్రి అద్దం ముందు నిలబడి ఒడియాలో మూడు నిమిషాలు దంచేశాను. ఓపిక, హస్తకళ, మా ఊరి గర్వం, అన్నీ వచ్చాయి. తమ్ముడు మంచం మీద పడుకుని విన్నాడు.

"అప్పా, ఇది ఎన్నాళ్ల నుంచి నీ దగ్గరుందని అడుగుతారు. ఏటి చెప్తావు? శనివారం నుంచనా?"

కొంగ ఇప్పుడు టీవీ మీదుంది. 480 రూపాయలు పోయాయి.

రెండోది పుస్తకం. పర్లాకిమిడిలో నాలుగక్షరాలు వచ్చిన తెలుగువాళ్లు గిడుగు రామమూర్తి గారి పేరు తలవకుండా ఉండలేరు. ఆయన ఇక్కడే పంతులుగా పనిచేశారు, సవరల భాష నేర్చుకుని దానికి నిఘంటువు కూర్చారు. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడి మా ఊరు అటు వెళ్లినప్పుడు ఆయన రాజమండ్రి వెళ్లిపోయారు. మా ముత్తాత వాళ్లు వెళ్లలేదు, మేం ఉండిపోయినవాళ్లం. అందుకని ఒక తెలుగు వాచకం పట్టుకెళ్లి ఇదీ నేను అందామనుకున్నాను. కానీ నేను చదివింది ఒడియా మీడియం. తెలుగక్షరాలు నాకు పద్నాలుగో ఏట వచ్చాయి, సగం అమ్మ దగ్గర, సగం ఆంధ్రా వైపున్న పాతపట్నంలో సినిమా పోస్టర్ల మీద. ఇప్పుడిలా రాస్తున్నానంటే ఫోన్లో కీబోర్డు పదం సగంలోనే అందిస్తుంది కాబట్టి. ఆ రోజు గడియారం పెట్టుకుని ఒక పేజీ పైకి చదివాను. ఏడు నిమిషాలు పట్టింది. 'క్ష' దగ్గర ఇప్పటికీ ఆగుతాను. పుస్తకం మూసేశాను.

తర్వాత నాలుగు రోజులు ఇంట్లో ఏది చూసినా అదే ధ్యాస. దువ్వెన, స్కూలు కారియర్, స్కూటీ తాళం. ఇలాంటి పిలుపు ఎవరికైనా వస్తే ఒకటి చెప్తాను, ఈ వెతుకులాటలో మనిషికి తన మీద తనకే చిరాకు పుడుతుంది. ఇరవై అయిదేళ్లు బతికి నాదని చెప్పుకోడానికి ఒక్క వస్తువు లేదా అని ఓ రాత్రి ఏడుపొచ్చింది కూడా. అమ్మ చూసి, "ఏటే, సామాన్లకి కూడా ఏడుస్తారేటి?" అని లైటార్పేసింది.

13వ తారీఖు లక్ష్మివారం. బయటివాళ్ల కోసం చెప్తున్నాను, మా వైపు గురువారాన్ని లక్ష్మివారం అంటాం. ఇక్కడొక తిరకాసు ఉంది. ఒడియావాళ్లకి నెల పున్నమితో ముగుస్తుంది, మనకి అమావాస్యతో. అందుకని పక్కింట్లో మార్గశిరం మా ఇంటికంటే పదిహేను రోజులు ముందే మొదలైపోతుంది. ఈసారి వాళ్ల మొదటి గురుబారం 6న పడింది, మా మొదటి లక్ష్మివారం 27న.

ఆ రోజు పక్కింటి మావుసీ ప్రసాదానికి పిలిచింది. గుమ్మం నుంచి పూజగది దాకా బియ్యప్పిండితో జోటి వేసింది, చిన్న చిన్న లక్ష్మి పాదాలు. లోపల పీట మీద కొత్త ధాన్యం నింపిన మాణ, దానికి పసుపు, బొట్టు, దండ. మాణ అంటే కొలపాత్రే. వాళ్లకి మార్గశిరంలో లక్ష్మీదేవి అందులోనే కూర్చుంటుంది. దండం పెట్టి తలెత్తేసరికి మావుసీ నవ్వుతూ, "మీ మామ్మ ఎలా కూర్చుందో చూడు" అంది.

అది మా మానిక. మా మామ్మది.

మావుసీ వాళ్ల బెత్తంతో అల్లిన మాణని ఎప్పుడో ఎలకలు కొరికేశాయి. ఆ ఏడాది అమ్మ మా ఇత్తడి మానిక ఇచ్చింది. అప్పట్నుంచి ప్రతి ఏడూ ఇదే వరస, వాళ్ల మార్గశిరం అయ్యేదాకా వాళ్లింట్లో, తర్వాత మాకు. మధ్యలో రెండు లక్ష్మివారాలు ఇద్దరికీ కలుస్తాయి. ఆ రెండు వారాలూ మా అమ్మ స్టీలు గ్లాసుతో సరిపెట్టేస్తుంది. దేవుడికి కొలత పట్టింపు లేదంటుంది.

మామ్మ మా అరుగు మీద అటుకులూ ముఢీలూ (మరమరాలు) అమ్మేది. నేను బడి నుంచి వచ్చి పక్కన కూర్చుని కొలిచేదాన్ని. రెండు సోలలు తవ్వ, రెండు తవ్వలు మానిక, రెండు మానికలు అడ్డ, రెండు అడ్డలు కుంచం. ఎక్కాలకన్నా ముందు నాకొచ్చిన లెక్క ఇదే. కొలిచేటప్పుడు ఒకటి అనకూడదు. మొదటి మానికకి "లాభం" అనాలి, తర్వాత రెండు, మూడు. మామ్మ ఏడు కూడా అనేది కాదు, ఏడుపు ఇంట్లోకి రాకూడదని "ఆరున్నొకటి" అనేది. తూనికల తనిఖీ వాళ్లు బజార్లోకి వచ్చారని కబురు రాగానే మానిక బియ్యం డబ్బా అడుక్కి వెళ్లిపోయేది, కిలో రాళ్లు అరుగెక్కేవి. మానికకి అడుగున సొట్ట ఉంది. నేను పుట్టక ముందు నూతి పళ్లెం మీద పడిందట. అంచు దగ్గర ఒక మాటు కూడా ఉంది. ఊళ్లో దాన్ని సొట్ట మానిక అనేవారు. ఎవరికి కొలిచినా చివర్న మామ్మ ఒక గుప్పెడు కొసరు వేసేది.

ఇంటికొచ్చి అమ్మతో చెప్పాను, మానిక పట్టుకెళ్తానని. అమ్మ ఒక్కసారిగా, "నీకు మతుండే మాట్లాడుతున్నావేటి? అది పూజలో ఉంది. అయినా మనది కాదిప్పుడు" అంది. మనది కాదిప్పుడు అన్న మాట నాకు నచ్చింది. రాసి పెట్టుకున్నాను.

మర్నాడు మావుసీనే అడిగాను. రెండు నిమిషాలు ఆలోచించి, 20న గురుబారం పూజ అయిపోయాక తీసుకెళ్లి, 27 లోపల తెచ్చెయ్యమంది. "నేఇ జా, మా" అంది, తీసుకెళ్లమ్మా అని. 20న మధ్యాహ్నం వెళ్తే ధాన్యం పళ్లెంలోకి ఒంపేసి, మానికని తుడిచి సిద్ధంగా ఉంచింది. ఖాళీగా పంపకూడదని ఒక గుప్పెడు ధాన్యం ఎర్రగుడ్డలో మూట కట్టి లోపల పడేసింది.

ఇక్కడ నేనొక తెలివితక్కువ పని చెయ్యబోయాను. భువనేశ్వర్లో పెద్దవాళ్ల ముందు సొట్టతో ఏం పెడతామని 21న ఆటోలో పాతపట్నం వెళ్లి కంచరి దగ్గర పెట్టాను. ముసలాయన. మానికని తిప్పి తిప్పి చూసి, గోటితో మీటి, చెవి దగ్గర పెట్టుకున్నాడు.

"సొట్ట తియ్యొచ్చమ్మా. నూట యాభై అవుద్ది. మాటు ఊడిపోతే నా పూచీ లేదు. ఒక మాట సెప్పు, ఇది కొలుసుకుందానికా, సూపించుకుందానికా? సొట్ట తీస్తే కొలత మారిపోద్ది."

చూపించడానికే అన్నాను. "అయితే ఉండనీ" అని తిరిగిచ్చేశాడు. డబ్బులు తీసుకోలేదు. రానూపోనూ ఆటోకి 60 అయింది.

తిరిగొస్తున్నంతసేపూ ఆ మాటే తిరుగుతోంది. కొలత మారిపోద్ది అంటే, ఇన్నాళ్లూ తక్కువ కొలిచామనే కదా? ఎంత తక్కువ? 22న శనివారం నేను చెప్పే స్కూల్లో సైన్సు టీచర్ని బతిమాలి కొలజాడీ ఇంటికి తెచ్చాను. మానిక నిండా నీళ్లు పోసి కొలిస్తే 1,390 మిల్లీలీటర్లు వచ్చింది. సొట్ట సంగతి ఎలా తేల్చాలో కాసేపు అర్థం కాలేదు. తమ్ముడికి తట్టింది. మానికని బోర్లించాడు. లోపలికి పోయిన సొట్ట బయటి నుంచి చూస్తే గుంటే కదా. ఆ గుంట నిండా నీళ్లు పోసి, ఆ నీళ్లు కొలజాడీలోకి వంచాం. 62 మిల్లీలీటర్లు. ప్రతి మానికకీ అంత తగ్గిందన్నమాట.

అప్పుడు అమ్మని పిలిచి, కొసరు వేసినట్టు ఒక గుప్పెడు బియ్యం జాడీలో పొయ్యమన్నాను. 64 గీత దగ్గర ఆగింది. ముగ్గురం ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. తర్వాత నేను వేశాను. 47. మూడుసార్లు వేసినా 50 దాటలేదు.

అమ్మ తన చెయ్యి చూసుకుని, "మీ మామ్మ చెయ్యి నా చెయ్యి కన్నా పెద్దదే" అంది, అంతే.

23 రాత్రి బస్సు, టికెట్ 550. సీట్లో మానికని ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. పైన పెడితే మాటు ఊడుతుందని భయం. నిద్ర పట్టలేదు. పక్కావిడ అర్ధరాత్రి లేచి, అది అస్థికల చెంబు అనుకుందేమో, మెల్లగా కిటికీ వైపు జరిగి కూర్చుంది. తెల్లారి బస్టాండులో స్నానానికి, బట్టలు మార్చుకోడానికి 40.

పది గంటలకి రమ్మన్నారు, నా వంతు 3 గంటల 40 నిమిషాలకి వచ్చింది. ఇది ముందే తెలిసుంటే అన్నం మూట కట్టుకెళ్లేదాన్ని. గదిలో పదకొండు మందిమి. ఒకబ్బాయి దగ్గర చిరిగిన ఫుట్‌బాల్ బూటు, ఒకమ్మాయి దగ్గర గజ్జెలు, ఇంకొకతని దగ్గర వాళ్ల నాన్న ఆటో తాళం. ముగ్గురు మట్టి తెచ్చారు. ముగ్గురూ సీసాల్లోనే తెచ్చారు, ముగ్గురూ 'మా ఊరి మట్టి' అనే రాశారు. ఒకరి సీసా చూసి ఇంకొకరికి మొహాలు మాడిపోయాయి, పాపం. నా కొంగ గుర్తొచ్చి నేను నవ్వలేదు. గేటు దగ్గర సెక్యూరిటీ అతను ఎర్రగుడ్డ మూట విప్పించి, గింజలు వేళ్లతో కెలికి, వాసన చూసి, మళ్లీ కట్టుకోమన్నాడు.

లోపల ముగ్గురు. మూడు నిమిషాలకి గంట కొట్టేస్తారు. మొదటి నిమిషం మామ్మ అరుగు చెప్పాను, రెండో నిమిషంలో మానికని బోర్లించి ఒక గ్లాసు నీళ్లు అడిగాను. గుంటలో నీళ్లు పోసి చూపించాను. టేబుల్ కాస్త తడిసింది. ఒడియాలోనే మాట్లాడాను గానీ, లెక్క దగ్గర మాత్రం "లాభం, రెండు, మూడు" అనే వచ్చింది. వాళ్లు ఆపలేదు.

ఇలాంటి చోటికి వెళ్లేవాళ్లు గుర్తు పెట్టుకోవాల్సింది ఏంటంటే, మనం బట్టీ పట్టే మూడు నిమిషాలు తేలిక, తర్వాత పది నిమిషాల ప్రశ్నలు వాళ్లవి. వస్తువు కథ వాళ్లకి అక్కర్లేదు. అది మన చేతిలో ఎలా తిరుగుతుందో చూస్తారు. కొంగని తీసుకెళ్లుంటే నేను మొదటి ప్రశ్నకే అయిపోయేదాన్ని.

మేడమ్ అడిగింది: "ఇది మీ సొంతమేనా?" మెయిల్లో సొంతదై ఉండాలన్నారు కదా. అబద్ధం చెప్దామని ఒక్క క్షణం అనిపించింది. అమ్మ మాట గుర్తొచ్చింది. "నవంబరులో పక్కింటి వాళ్లది, డిసెంబరులో మాది మేడమ్. ఇప్పుడు అడిగి తెచ్చాను, గురుబారం లోపల ఇచ్చెయ్యాలి" అన్నాను. పూజలో వాళ్లు మాణ అంటారు, మేం మానిక అంటాం అని కూడా చెప్పాను. "మరి మీరు తెలుగా, ఒడియానా?" అని రెండో సార్ అడిగారు. ఈ ప్రశ్నకి నా దగ్గర చిన్నప్పట్నుంచీ తయారుగా ఉన్న జవాబుంది, ఇంట్లో తెలుగు, బయట ఒడియా అని. అదే చెప్పాను. ఆయనకి అది రుచించలేదని మొహంలో తెలిసింది.

మూడో ఆయన అప్పటిదాకా మాట్లాడలేదు. మానికని తన వైపు లాక్కుని, గుంటలో వేలు పెట్టి చూసి అడిగారు. "62 తగ్గింది, 64 వేసింది. అంటే మీ నానమ్మ ఇచ్చింది కొసరు కాదు కదా? బాకీ తీర్చింది, అంతేగా?"

నాకు నోరు పెగల్లేదు. చిన్నప్పట్నుంచీ మామ్మ ధర్మాత్మురాలని ఆ గుప్పెడు చూసే అనుకున్నాను. 64 అమ్మ గుప్పెడు, మామ్మ చెయ్యి పెద్దది, అందులో కొంచెమైనా కొసరు మిగిలే ఉంటుంది, ఇవన్నీ చెప్పొచ్చు. కానీ మామ్మ చెయ్యి కొలవడానికి ఇప్పుడు లేదు. "తెలీదు సార్" అన్నాను. ఆయన ఏదో రాసుకున్నారు. గంట కొట్టారు. తడి టేబుల్ని నా చున్నీతోనే తుడిచి బయటికొచ్చేశాను.

25 తెల్లవారుజామున ఇంటికి చేరాను, 26 సాయంత్రం మావుసీకి మానిక ఇచ్చేశాను. మూటలో గింజలు లెక్కపెట్టిందో లేదో గానీ, విప్పి చూసి మళ్లీ ధాన్యంలో కలిపేసింది. ఖర్చు మొత్తం: కొంగ 480, పాతపట్నం ఆటో 60, బస్సు రానూపోనూ 1,100, స్నానం 40, భువనేశ్వర్లో తిరగడానికి 180, తిండికి 210. అన్నీ కలిపి 2,070. దారి ఖర్చులు ఇస్తామని మెయిల్లో ఉంది. బిల్లు పంపితే, రైలు టికెట్లకే ఇస్తాం, బస్సుకి కుదరదన్నారు. ఆ ముక్క మొదటి మెయిల్లోనే రాసుంటే గుణుపూర్ లైన్లో రైలే ఎక్కేదాన్ని.

డిసెంబరు 8న ఫలితం వచ్చింది. ఎంపిక జాబితాలో లేను, నిరీక్షణ జాబితాలో రెండో పేరు. తమ్ముడు బాకీ సార్‌ని తిట్టాడు. నాకు కోపం రాలేదు. అయితే ఆ రోజు నుంచి బియ్యం కడిగేటప్పుడల్లా గుప్పెడు తీసి చూసుకుంటున్నాను, ఇదొక జబ్బులా పట్టుకుంది.

11న మానిక మా ఇంటికొచ్చింది. అమ్మ ధాన్యం పోస్తూ "లాభం" అంది, ఒక్క మానికే కాబట్టి అక్కడితో ఆగిపోయింది. 18తో మా లక్ష్మివారాలు అయిపోతాయి, ఆ తర్వాత అది అటకెక్కుతుంది. మావుసీ మాత్రం వచ్చే ఏడు మార్గశిరం దాకా ఆగనంది. దసరాకే వచ్చి పట్టుకుపోతుందట, నేను మళ్లీ దాన్ని ఏ ఊరో ఊరేగిస్తానని భయమట.